ఇప్పల కింద ఆకు

మాఘమాసంలో మా నాయిన ఇప్పల కింద నిప్పు పెట్టని ఏడు ఒక్కటే. ఆ ఏడు వద్దన్నది నేను.

రెండో ప్రపంచయుద్ధం మొదలై రెండేళ్లు దాటింది. నేను నాగపూరులో బి.ఎ. ప్యాసై ఇంటికి వచ్చాను. మా ఊరు మద్దేడుకు రెండు కోసుల దూరం. ఆ ఊళ్లో నాకంటే ముందు సంతకం చేయడం వచ్చిన మనిషి లేడు. మా నాయిన రామనర్సయ్య నా డిగ్రీ కాగితాన్ని వెదురుబొంగులో దోపి, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీశాడు. ఎవరైనా ఇంటికొస్తే కాగితం చూపించేవాడు కాదు, ఆ బొంగును చూపించేవాడు.

ఊరికి పడమట సర్కారు అడవిని ఆనుకొని మాకు పదకొండు ఎకరాలుండేవి. నాగలి దిగని రాతినేల. అందులో ముప్పయ్యెనిమిది ఇప్పచెట్లు, వాటి నడుమ మా నాయిన తన చేత్తో నాటి పెంచిన టేకులు. మడిలో వడ్లు కార్తీకం దాకా ఇంటికి రావు. ఆషాఢం నుంచి అప్పటిదాకా మా ఇంట్లో తిన్నది ఎండబెట్టిన ఇప్పపువ్వే. వేయించిన చింతగింజలు కలిపి మా అవ్వ, అంటే మా అమ్మ, ఉడికించేది. పువ్వులో సగం హుంగాది. హుంగా దొర్ల తెగ మనిషి. అతనూ అతని భార్య గంగే మాతో కలిసి పువ్వు ఏరి సగం పంచుకునేవాళ్లు. మా తాత కాలం నుంచీ అంతే. ఆ పదకొండు ఎకరాల మీద రెండు పొయ్యిలు నాలుగు నెలలు మండేవి.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఆకు ఉంటే అందులో పడి కనిపించదు. అందుకని పువ్వు రాకముందే, మాఘంలో, ఆకు కాల్చి నేలను శుభ్రం చేస్తారు. మా నాయిన దానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందు ప్రతి ఇప్ప మొదలు చుట్టూ రెండు మూరల మేర ఊడ్పించేవాడు. ముసలి ఇప్పలు లోపల గుల్లగా ఉంటాయి, ఆ తొర్రలోకి నిప్పు దూరకూడదు. తర్వాత, మంచుకి ఆకు ఇంకా తడిగా ఉండగానే నిప్పు పెట్టేవాడు. మోకాలెత్తు కూడా లేవని మంట, పక్కన మనిషి నడుస్తుంటే అదీ నడిచేది. పొద్దు నాలుగు బారలెక్కేసరికి అంతా అయిపోయేది. చిన్నప్పుడు నేనూ పొరక పట్టుకొని వెంట తిరిగినవాణ్నే. నాగపూరులో ఉండగా అది మరిచిపోయాననలేను. అది చదువు అని మాత్రం అనుకోలేదు.

ఆ పుష్యమాసంలో మద్దేడులో అడవిశాఖ నాకా దగ్గర పెంకుల కొట్టంలో అడవి బడి పెట్టారు. సొంతంగా చెట్ల పట్టా ఉన్న రైతులు నెలకొక అంగడి రోజున వచ్చి కూర్చోవాలి, ఆరు నెలలు. చెప్పే ఆఫీసరు హిందీ మాట్లాడేవాడు. ఆయన మాటను తెలుగులోకి దింపడానికి దుబాసీ కావాలన్నారు. బి.ఎ. చదివి ఇంట్లో ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. ఆరు నెలలు సరిగ్గా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

ఆఫీసరు మంచివాడు. సైకిలు వెనక ఒక పెద్ద గుడ్డపటం కట్టుకొని వచ్చి గోడకు తగిలించాడు. దాని మీద నెల నెలకూ అడవిలో చేయాల్సిన పని బొమ్మలుగా వేసి ఉంది. పుష్యంలో పలచన చేయడం, మాఘంలో నిప్పు దాటి రాకుండా ఖాళీ నేలగా అగ్గిబాట కొట్టడం, జ్యేష్ఠంలో విత్తనం వేయడం. ఆకు అడవికి అన్నం, దాన్ని కాల్చేవాడు అడవి నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నాడని ఆయన అంటే, ఆ మాటను నేను చాలా ఇష్టంగా తెలుగులో చెప్పాను.

వెనక వరుసలో ఎర్రయ్య అనే ముసలి రైతు బీడీ ఆర్పకుండానే అన్నాడు:

"మనం అడవిల పుట్టినోళ్లం. అడవంటే ఏందో మనకు చెప్తందుకు సారు సైకిలేసుకొని వచ్చిండు."

కొట్టమంతా నవ్వింది. ఏమన్నాడని ఆఫీసరు నన్నడిగాడు. తమరు రావడం చాలా సంతోషమంటున్నాడని చెప్పాను. ఆయన ఎర్రయ్యకు చెయ్యెత్తి దండం పెట్టాడు. జనం ఇంకా నవ్వారు. ముందు వరుసలో మా నాయిన ఒక్కడే నవ్వలేదు. ఆయన నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పారు. మా పట్టా చనిపోయిన మా తాత పేర ఉంది. అలాంటివాటిని ఆ ఏడు వారసుల పేరుకు మారుస్తారు. బడికి అన్ని నెలలూ వచ్చి, వేసవి తనిఖీలో అడవి కాలిన గుర్తు లేకుండా చూపించినవాళ్లకు చెట్లతో సహా మారుతుంది. కాలిన అడవి అయితే నేల మాత్రమే రైతుది, మీదున్న చెట్లు జమీందారువి.

ఇంటికి నడిచి వస్తూ మా నాయిన అడిగాడు.

"టేకులు గూడ మన పేర రాస్తరా బిడ్డా?"

"రాస్తరు నాయినా. కాలకుండ ఉంటే చాలు."

"అయితే నువ్వు చెప్పినట్టే చేద్దాం."

ఆయన నాకు అంత సులువుగా అడవినిచ్చేశాడు.

పుష్యంలోనే పలచన చేశాం. ఒకదాన్నొకటి తొక్కుకొని లేచిన మొక్కలు, వంకర టేకులు, ముళ్లపొదలు కొట్టించాను. కొట్టిన కంపను మోయడం కష్టమని తాత్కాలికంగా ఇప్పల మొదళ్లలో కుప్పలేయమన్నాను, అక్కడ నీడ ఉంటుంది, పని చేసేవాళ్లకు దగ్గర. ఆ కంపను ఫాల్గుణం రాకముందే అగ్గిబాట అవతలికి చేర్చాలని ఆఫీసరు చెప్పాడు. ఆ వాక్యం నాకు ఈ రోజుకీ హిందీలో గుర్తుంది. దాన్ని కొట్టంలో నలభై మందికి తెలుగులో చెప్పింది నేనే.

మాఘం రెండో వారంలో ఒక పొద్దున లేచేసరికి ఇంట్లో మా నాయిన లేడు. పొయ్యిలో నిప్పులు లేవు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పడమటి దారి పట్టాను. ఆయన పగిలిన కుండపెంకులో నిప్పులు పట్టుకొని మొదటి ఇప్ప కింద నిలబడి ఉన్నాడు. పక్కన హుంగా రెండు పొరకలు, జావ పోసుకున్న సొరకాయ బుర్ర పట్టుకొని ఉన్నాడు. ఏటా చేసే పని. చేతులు వాటంతటవే ఆయన్ని అక్కడికి తెచ్చినట్టున్నాయి.

"ఈ ఏడు వద్దన్న గద నాయినా."

ఆయన తప్పు చేస్తూ దొరికిన మనిషిలా చూశాడు. మాట్లాడింది హుంగా.

"పొద్దుగాల పెట్టిన నిప్పు నడుస్తది సీరంగం. ఇప్పుడు నడవనియ్యకపోతే ఎండల ఉరుకుతది. అప్పుడు నువ్వూ నేనూ దాని వెంట ఉరకలేం."

నా పేరు శ్రీరంగం. హుంగా నోట్లో అది ఎప్పుడూ అలాగే ఉండేది. నేను అతనికి ఆకు కుళ్లి ఎరువు కావడం గురించీ, నేలలో తడి నిలవడం గురించీ చెప్పాను. కాలితే పట్టా సంగతి ఏమవుతుందో కూడా చెప్పాను. అదంతా నిజమే. ఇప్పుడు చెప్పమన్నా అదే చెబుతాను.

"ఆకు తింటదా చెట్టు. మరి ఇన్నేండ్లు ఏం తిని బతికిందో." హుంగా ఇప్పచెట్టును అడిగినట్టుగా తలెత్తి అన్నాడు.

మా నాయినకు నవ్వొచ్చింది. నా ముఖం చూసి ఆపుకున్నాడు.

"చదివినోడు చెప్తున్నడు గద హుంగా," అన్నాడు.

బుర్ర అందుకొని అందులో జావ నిప్పుల మీద పోశాడు. తెల్లటి ఆవిరి లేచింది. హుంగా ఆ పూట జావ లేకుండానే ఇంటికి పోయాడు.

ఆ తర్వాత నాకు తీరిక లేదు. సర్కారు అడవి వైపు ఎనిమిది అడుగుల వెడల్పున అగ్గిబాట కొట్టించి ఊడ్పించాను. ఆఫీసరు వచ్చి చూసి, మిగతా ఊళ్లవాళ్లకు చూపించడానికి పనికొస్తుందన్నాడు. అప్పటినుంచి నన్ను వెంటబెట్టుకొని ఊరూరూ తిప్పాడు. పోయిన ప్రతిచోటా నేను పటం విప్పి చెప్పేవాణ్ని. ఇంటికి పదిరోజులకొకసారి వచ్చేవాణ్ని. మా నాయిన రెండుసార్లు అడిగాడు, ఆ కంప తీసేద్దామా అని. నేనొచ్చి ఎక్కడ వేయాలో చూపిస్తాను, వచ్చే వారం తీద్దామన్నాను. ఆయనా హుంగా కలిస్తే రెండు రోజుల పని. ఎప్పుడైనా చేసుకోగలిగినవాడు. నా మాట కోసం ఆగాడు.

ఫాల్గుణంలో పువ్వు మొదలైంది. ఆకు మీద రాలింది. మా అవ్వ సారలమ్మ, గంగే తెల్లవారేసరికి బుట్టలతో పోయి, పొద్దెక్కేదాకా వంగి ఆకు తిరగేసి ఏరేవాళ్లు. ఏటా నిండే బుట్ట ఆ ఏడు సగానికి వచ్చేది.

"పువ్వు ఏరుతున్ననో పేలు చూస్తున్ననో తెలుస్తలేదు," అంది మా అవ్వ ఒకరోజు, నేను అన్నం ముందు కూర్చున్నప్పుడు. "మీ సారును ఒక్కపూట బుట్ట పట్టుకొని రమ్మను."

గంగే తడిక దగ్గర నిలబడి పమిట నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. మా నాయిన ఊరుకోమన్నాడు. ఒక్క ఏడే గదా, పట్టా మారనియ్యమన్నాడు.

ఉగాది వెళ్లి ఎనిమిది రోజులైంది. నేను భోపాలపట్నంలో ఉన్నాను. చైత్రంలో గాలికి ఆకు మళ్లీ పడుతుంది కాబట్టి అగ్గిబాటను ప్రతి వారం ఊడ్చుకోవాలని అక్కడి రైతులకు చెబుతున్నాను. మా బాటను ఎవరూ ఊడ్చలేదు. ప్రతి వారం ఊడ్చాలని మా ఇంట్లో నేను చెప్పలేదు. ఒక్కసారి ఊడ్పించి, అయిపోయిందనుకున్నాను. మర్నాడు సరుకు తీసుకొచ్చిన బండివాడు అంగట్లో నన్ను గుర్తుపట్టి చెప్పాడు, మీ ఇప్పల దిక్కు కాలుతున్నదని. సర్కారు అడవిలో నుంచి పట్టపగలు వచ్చిందట. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

నేను చేరేసరికి మూడో రోజు పొద్దున. మంట లేదు. నేల మీది ఆకు మొదటి రోజే గంటలో అయిపోయిందట. టేకులు నల్లటి కర్రల్లా నిలబడి ఉన్నాయి. ఇప్పలు మాత్రం పైకి మామూలుగానే ఉన్నాయి. కొమ్మల చివర మొగ్గలు కూడా ఉన్నాయి. దగ్గరికి పోతే తెలిసింది. మొదళ్లలో పెట్టిన కంప మండి, ఆ నిప్పు తొర్రల్లోకి పోయింది. చెట్లు లోపలి నుంచి కాలుతున్నాయి. పైన కొమ్మ విరిగిన చోటు నుంచి, ఇంటి కప్పు మీంచి వచ్చినట్టు, సన్నగా పొగ వస్తోంది.

మా నాయినా హుంగా వాగు నుంచి తడిమట్టి మోసుకొచ్చి తొర్రలు మూస్తున్నారు. వాగు అరకోసు దూరం. ఇద్దరి కనుబొమలూ కాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి మా నాయిన తన బుట్ట నాకిచ్చి ఇంకోటి తీసుకున్నాడు. నేనూ మోశాను. ఒక తొర్ర మూస్తే పొగ ఇంకో కన్నంలో నుంచి వచ్చేది.

ఆ చెట్లు అట్లా కాలుతూనే పువ్వు రాల్చాయి. గంగే బూడిదలో చతికిలబడి ఏరుతోంది. పువ్వు వెచ్చగా ఉంది, వేయించిన వాసన వేస్తోంది. మా అవ్వ కూడా ఏరుతోంది. ఆ ఏడు మొదటిసారి నేల శుభ్రంగా ఉంది. పువ్వు ఎక్కడ పడ్డా కనిపిస్తోంది.

మధ్యాహ్నం మొదటి చెట్టు కూలింది. గాలి లేదు, ఎవరూ ముట్టుకోలేదు. లోపల ఏదో చిట్లిన చప్పుడైంది, గంగే బుట్ట వదిలేసి పక్కకు ఉరికింది. ఆ తర్వాత రోజుకు నాలుగు, ఐదు. వారంలో ముప్పయ్యెనిమిదిలో తొమ్మిది మిగిలాయి. అవి కంప కుప్పలు వేయని అంచు చెట్లు.

ఆ తొమ్మిదింటి కింద కూర్చున్నప్పుడు మా నాయినకు చెప్పాను. కంపను ఫాల్గుణంలోపు తీసేయాలని ఆఫీసరు చెప్పిన మాట నిజమేననీ, నేనే రేపు రేపని ఆపాననీ, బాటను ప్రతి వారం ఊడ్వాలన్నది నాకు తెలిసీ ఇంట్లో చెప్పలేదనీ.

ఆయన అరచేతుల మీది బొబ్బలు చూసుకుంటూ విన్నాడు.

"ఈ మాట ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. నీ కొలువు పోతది."

కొట్టినా బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను. కొట్టే మనిషి కాదు.

వైశాఖంలో తనిఖీకి అడవి జవాను వచ్చి, గట్టు మీద నిలబడి చూసి, కాగితంలో రాసుకొని పోయాడు. ఆ నెలాఖరుకే హుంగా, గంగే ఊరు విడిచారు. వానాకాలం తినడానికి వాళ్లకు ఏమీ లేదు. మాకు సరిపోయేదే మా దగ్గర లేదు. గోదావరి అవతల కలప కూపుల్లో కట్టె కొట్టే పని ఉందని ఎవరో చెప్పారట. పోయే రోజు హుంగా మా ఇంటికొచ్చి రెండు పొరకలు గోడకు ఆనించాడు. మాఘంలో కట్టినవి. ఒక్కసారి కూడా నేలకు తగలని పుల్లలు, కట్టు వదలలేదు.

"ఉండనీ నర్సన్నా. వాకిలి ఊడ్సుకుంటందుకన్న పనికొస్తయ్," అన్నాడు. నా వైపు చూసి, "పోయొస్త సీరంగం," అన్నాడు. మళ్లీ రాలేదు.

జ్యేష్ఠంలో ఆఖరి బడి. మా నాయిన ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చున్నాడు. ఆఫీసరు రెండు పేర్ల పట్టీలు తెచ్చాడు. హిందీలో ఆయన చదువుతాడు, తెలుగులో నేను చెప్పాలి. మొదటి పట్టీ చెట్లతో సహా పట్టా మారినవాళ్లది. అందులో ఎర్రయ్య పేరుంది. ఆయన ఏటా కాల్చినట్టే మాఘంలోనే పొద్దున్నే కాల్చుకున్నాడు, తనిఖీనాటికి గడ్డి మొలిచి గుర్తు పోయింది. రెండో పట్టీ కాలిన అడవులది. నాలుగు పేర్లు. మూడోది మా నాయినది. రామనర్సయ్య అని నేను చెప్పాను, పరాయి మనిషి పేరు చెప్పినట్టు.

వెనక ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు పట్టీ దించి, ఈయన ఆరు నెలలూ మానకుండా వచ్చాడే అని ఆశ్చర్యపోయాడు. ఈ అడవినే గదా మనం అందరికీ చూపించాం, అగ్గిబాట ఎవరు ఊడ్వలేదు, కంప ఎవరు తీయలేదు, అడుగు బాబూ అన్నాడు.

నేను తెలుగులో అడగలేదు. అది నేనేనని హిందీలోనే చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచానని నాకు నమ్మకం. అంతలో మా నాయిన లేచి నిలబడ్డాడు. ఉప్పు బేరానికి తప్ప ఆయన హిందీ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"హమ్ భూల్ గయా, సాహెబ్," అన్నాడు.

నాకు దుబాసీ పని లేకపోయింది.

ఆఫీసరుకు జాలేసింది. మరచిపోవడం ఎవరికైనా ఉంటుందన్నాడు. చెట్ల మీద హక్కు లేకపోయినా నేల ఉంది గదా, వచ్చే ఏడూ బడికి రమ్మన్నాడు. పట్టీలో ఉన్నా లేకపోయినా అందరికీ తలా ఒక దోసెడు టేకు విత్తనాలు ఇచ్చాడు. రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టాలని, అట్లా వారం చేయాలని చెప్పాడు. నేను ఒక్క మాట పోకుండా చెప్పాను. సందేహాలుంటే అడగమన్నాడు. జనం అప్పటికే అంగడి వైపు చూస్తున్నారు.

మా నాయిన చెయ్యెత్తాడు.

"ఎంత లోతుల పెట్టాల్నో అడుగు బిడ్డా."

కాలిపోయిన ఆ టేకులన్నీ ఆయన నాటినవే. వాటి నీడల్లో పడుకొని నేను చదువుకున్నాను. నేను ఆఫీసరును అడిగాను. ఆయన చెప్పాడు. నేను మా నాయిన వైపు తిరిగాను.

"అంగుళమంట నాయినా."

ఆయన బొటనవేలి మీద గోటితో గీత పెట్టి, నాకు కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు. సరిపోయిందో లేదో చెప్పమన్నట్టు అట్లాగే నిలబడ్డాడు.